కొత్త ఉద్యోగి చేరిన రోజే చూసుకోవాల్సిన కాగితాలు

ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సులు, రెండు ఫోటోలు తీసుకుని ఫైల్లో పెట్టేస్తే జాయినింగ్ ఫార్మాలిటీస్ అయిపోయాయనుకునే చిన్న కంపెనీలు హైదరాబాద్‌లో బోలెడు. జీడిమెట్ల వైపు చిన్న యూనిట్లకు జీతాలు, పీఎఫ్ పనులు చూస్తుంటాను కాబట్టి చెబుతున్నా, ఆ జిరాక్సుల్ని పక్కపక్కన పెట్టి ఒక్కసారి చదవండి.

మనవాళ్లకు ఇంటిపేరుతోనే సగం తంటా. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందుంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, పాన్‌కొచ్చేసరికి చివరికెళ్తుంది. పుట్టినతేదీ కూడా చాలామందికి మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. జీతం పడటానికి ఇవేవీ అడ్డం రావు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడో ఇంట్లో అవసరం పడి పీఎఫ్ తీద్దామని అప్లై చేస్తే ఈ తేడాల వల్లే క్లెయిమ్ రిజెక్ట్ అవుతుంది, పాత యూఏఎన్ (కంపెనీలు మారినా మారని పీఎఫ్ నంబర్) అయితే జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సరిచేయమని ఉద్యోగీ, కంపెనీ కలిసి ఇచ్చే కాగితం) కోసం ఎప్పుడో మానేసిన కంపెనీ చుట్టూ కాళ్లరిగేలా తిరగాలి, ఆ కంపెనీ మూతపడి ఉంటే తలప్రాణం తోకకొస్తుంది. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌కు ఉద్యోగే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించాలి, వివరాలు ఆధార్ నుంచే వస్తాయి. అందుకే ముందు ఆధార్ సరిచేయించాలి, ఆ తర్వాతే యూఏఎన్. అంతకుముందు ఎక్కడైనా ఉద్యోగం చేసి ఉంటే ఫారం 11లో (చేరేటప్పుడు ఇచ్చే పీఎఫ్ డిక్లరేషన్) పాత యూఏఎన్ నంబర్ రాయించుకోండి, రెండోది పుట్టించొద్దు.

అపాయింట్‌మెంట్ లెటర్ సంగతి. 2025 నవంబర్ 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ప్రతి ఉద్యోగికీ ఇది ఇచ్చి తీరాలి, హెల్పర్ కైనా సరే. అందులో జీతం రాసేటప్పుడు చేతికొచ్చేది ఎంతో కూడా విడిగా రాయమని నేను గట్టిగా చెబుతాను. గ్రాస్ (కోతలకు ముందు జీతం) 18,000 అనుకోండి, 15,000 మీద పీఎఫ్ కడితే 1,800, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 0.75 శాతం కింద 135, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోగా చేతికొచ్చేది 15,915. మొదటి నెల ఈ రెండు వేల తేడా చూసి మోసపోయామనుకుని మానేసేవాళ్లున్నారు. పద్దెనిమిది వేలని ఊళ్లో చెప్పుకుని వచ్చిన కుర్రాడికి అది చిన్న సంగతి కాదు.

జీతం 21,000 లోపైతే ఈఎస్ఐలో భార్యాపిల్లల్ని, ఆధారపడ్డ అమ్మానాన్నల్ని మొదటిరోజే చేర్చండి. జ్వరమొచ్చి సనత్‌నగర్ ఆసుపత్రికి వెళ్లాక ఆధార్ కార్డుల కోసం వెతుక్కునే పరిస్థితి రానివ్వొద్దు. ఆదాయపు పన్ను పడే జీతమైతే పాత పన్ను పద్ధతా, కొత్త పద్ధతా అడిగి డిక్లరేషన్ తీసుకోండి, ఏడాది మధ్యలో చేరితే పాత కంపెనీ జీతం, అక్కడ జీతంలోంచి కోసిన పన్ను (టీడీఎస్) వివరాలు కూడా.

అందరూ తర్వాత చూద్దాంలే అని వదిలేసేది నామినీ కాగితం. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్ ఉంటుంది, ఉద్యోగి జీతంలోంచి ఒక్క రూపాయి కోయరు, ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. ఇలాంటిదొకటుందని ఉద్యోగికే తెలియదు, ఇంట్లోవాళ్లకు అసలే తెలియదు. నామినేషన్ వేసి ఉంటే ఆ కష్టంలో వాళ్లకు వారసత్వ సర్టిఫికెట్ల తిరుగుడు తగ్గుతుంది. పెళ్లికి ముందు అమ్మ పేరు పెట్టినవాళ్లు పెళ్లయ్యాక మళ్లీ వేయాలి, పాతది చెల్లదు. ఎవరైనా శుభలేఖ ఇవ్వడానికి వస్తే నేను ఈ మాట అప్పుడే చెప్పేస్తాను.

ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు. మధ్యలో మానేయకుండా ఉంటారని టెన్త్ మెమోలు, డిగ్రీలు బీరువాలో దాచిపెట్టుకునే కంపెనీలు ఇంకా ఉన్నాయి. ఇది తప్పు. ఆ పిల్లలు పాస్‌పోర్ట్‌కో, గ్రూప్స్ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కో తమ కాగితాల కోసం బతిమాలుకోవాల్సి వస్తుంది. మానేస్తారన్న భయముంటే నోటీస్ పీరియడ్ లెటర్లో రాసుకోండి. ఒరిజినల్స్ చూసి, స్కాన్ చేసి, ఆ మనిషి కుర్చీలోంచి లేచేలోపే తిరిగి ఇచ్చేయండి.