తిప్పి పంపిన పిల్లల గురించి

మడగాస్కర్ నుంచి వచ్చినప్పటి నుంచి కర్నూలులో నన్ను పలకరించిన వాళ్లందరూ మొదట అడుగుతున్నది ఒకే ప్రశ్న: అక్కడ ఎన్ని ఆపరేషన్లు చేశారు? అభిమానంతోనే అడుగుతున్నారు, కానీ ఆ లెక్క చెప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు. గ్రహణం మొర్రి, అంగిలి చీలికలతో పుట్టిన పిల్లలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేసే ఒక స్వచ్ఛంద బృందంలో మత్తు డాక్టరుగా వెళ్లాను. అలాంటి బృందం పని ఎంత బాగా జరిగిందో తెలియాలంటే, ఆపరేషన్ అయిన పిల్లలతో పాటు, ఆపరేషన్ చేయకుండా తిప్పి పంపిన పిల్లలు ఆ తర్వాత ఏమయ్యారో కూడా అడగాలి. ఈ నాలుగు మాటలూ వాళ్ల గురించే రాస్తున్నాను.

నిజానికి ఈ సేవా యాత్రలు చేసే పేరున్న సంస్థల్లో ఒకటి పుట్టిందే తిప్పి పంపిన పిల్లల వల్ల. అమెరికాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ విలియం మెగీ, ఆయన భార్య కేథలీన్ 1982లో ఒక వైద్య బృందంతో ఫిలిప్పీన్స్‌లోని నాగా నగరానికి వెళ్లారు. పిల్లలను ఎత్తుకొని వందల కుటుంబాలు వచ్చాయి. ఆ బృందం చేతనైనంత మందికి చేసి, మిగిలిన వాళ్లందరినీ ఉత్తచేతులతో పంపించింది. మళ్లీ వస్తామని వాళ్లకిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి పుట్టిన సంస్థే ఆపరేషన్ స్మైల్. 1999లో మొదలైన స్మైల్ ట్రైన్ వేరే దారి పట్టింది. ఎక్కడి డాక్టర్లకు అక్కడే శిక్షణ, ఖర్చులకు సాయం అందితే ఏడాది పొడవునా ఆపరేషన్లు జరుగుతాయన్నది ఆ సంస్థ ఆలోచన. ఈ రెండు దారుల్లో ఏది మేలన్న చర్చ మా వృత్తిలో ఎప్పటి నుంచో ఉంది. అక్కడ కళ్లారా చూశాక నా మనసు రెండో దారి వైపే బాగా మొగ్గింది.

మేము పనిచేసిన ఊరు అంట్సిరాబే. రాజధాని అంటననరివోకు దక్షిణాన సుమారు 170 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1500 మీటర్ల ఎత్తున ఉంది. మనుషులు లాగే రిక్షాలు ఇప్పటికీ వీధుల నిండా కనిపిస్తాయి. నేల ఎర్రన, చుట్టూ వరి మళ్లు, పూట పూటకూ అన్నం. అడుగంటిన అన్నంలో నీళ్లు పోసి కాచి, ఆ నీటిని భోజనంతో పాటు తాగుతారు. మనకు ఎండలు తగ్గి తొలకరి పడే జూన్, జూలై నెలలు అక్కడ చలికాలం. ఈ చలి సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మేము వెనక్కి పంపిన పిల్లల్లో చాలామందిని ఆపింది ఆ కాలంలో వచ్చే జలుబు, దగ్గులే.

ఆపరేషన్లకు ముందు పిల్లలందరినీ పరీక్ష చేసే రోజున తెల్లవారకముందే ఆసుపత్రి ఆవరణ నిండిపోయింది. కిక్కిరిసిన వ్యాన్లలో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన వాళ్లు, దుప్పట్లు కప్పుకొని నేల మీదే కూర్చున్నారు. పేరు రాయించుకుని, ఫొటో తీయించుకుని, తూకం చూపించుకుని, నెత్తురు పరీక్షకు వేలు గుచ్చించుకుని, ఒక బల్ల తర్వాత ఒక బల్ల దాటి బిడ్డ చివరికి మా దగ్గరికి వస్తుంది. సర్జన్ చూసేది చీలికను. పిల్లల డాక్టరు, నేను చూసేది మిగిలిన ఒంటిని. పెదవి ఆపరేషన్‌కు 1960ల నుంచి డాక్టర్లు ఒక తేలికైన కొలమానం పాటిస్తున్నారు. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, ప్రతి 100 మిల్లీలీటర్ల నెత్తురులో పది గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలికి అయితే ఇంకా ఆగి, తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు చేస్తారు. మాటలు వచ్చే వయసు దాటకముందే అది పూర్తయితే మంచిది.

జలుబుకే ఆపరేషన్ ఆపాలా అని చదువుకున్న వాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు. నెలల బిడ్డ శ్వాసనాళం వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల దాకా మాత్రమే ఉంటుంది. దాని లోపలి గోడలు చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా, గాలి పోయే జాగాలో నాలుగింట మూడు వంతులు పోతుంది. పైగా జలుబు ఉన్న పిల్లలకు మత్తు ఇచ్చేటప్పుడు, మత్తు నుంచి లేపేటప్పుడు స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. నోటిలో జరిగే ఆపరేషన్ కాబట్టి సర్జన్‌కూ నాకూ కావలసింది ఒకే చోటు. శ్వాస గొట్టాన్ని కింది పెదవి మధ్యలో వంచి అతికించి, గొంతులోకి నెత్తురు జారకుండా తడి గుడ్డ అమర్చి, ఆ తర్వాత బిడ్డ ముఖాన్ని సర్జన్‌కు అప్పగించి నేను పక్కకు జరగాలి. అక్కడి నుంచి నాకు ఆధారం గుండె చప్పుడు, ఆక్సీమీటరు మోత. చీలికతో పుట్టిన పిల్లల్లో కొందరికి గుండెలో లోపం కూడా ఉంటుంది, కొందరికి కింది దవడ మరీ చిన్నదై గొట్టం వేయడమే కష్టమవుతుంది. ఇవన్నీ బేరీజు వేసుకొని "ఇప్పుడు వద్దు" అనే బాధ్యత మత్తు డాక్టరుది. పెదవి చీలిక ప్రాణం తీసే జబ్బు కాదు కాబట్టి, దాని కోసం ప్రాణానికి ముప్పు తెచ్చే హక్కు ఎవరికీ లేదు. దూరదేశం వెళ్లినంత మాత్రాన ఈ నియమాన్ని ఒక్క పిసరు కూడా సడలించకూడదు. ఇంత దూరం వచ్చాం కదా, వీలైనంత మందికి చేసేద్దామన్న ఉత్సాహమే ఇలాంటి యాత్రల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

ఆ రోజు వచ్చిన వాళ్లలో ఒక తల్లి నాకు బాగా గుర్తుంది. పాపకు ఐదో నెల, తూకం నాలుగు కిలోలు దాటలేదు. పెదవితో పాటు అంగిలి కూడా చీలి ఉంది. అంగిలి చీలిన బిడ్డ ఎంత ప్రయత్నించినా నోటిలో పీల్చే బలం పుట్టదు, అందువల్ల రొమ్ము పట్టినా పాలు రావు. ఆ తల్లి ఒక రేకు గ్లాసులో తెచ్చుకున్న గంజిని చెంచాతో తాగిస్తోంది. రెండు చెంచాలు మింగితే మూడోది ముక్కులోంచి బయటికి వస్తోంది. కొంగు చివరతో ముక్కు తుడిచి, పాప ఊపిరి సర్దుకునే దాకా ఆగి, మళ్లీ చెంచా ముంచుతోంది. ఆమె ముఖంలో విసుగు లేదు. ఐదు నెలలుగా పగలూ రాత్రీ ఆమె చేస్తున్నది ఇదే. నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గరే ఉంది. నేను చెప్పిన మాటను అక్కడి నర్సు వాళ్ల భాషలో నెమ్మదిగా చెప్పింది. ఆ తల్లి ఏడవలేదు, బతిమాలలేదు. మీరు మళ్లీ ఎప్పుడు వస్తారని మాత్రం అడిగింది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. సమాధానం ఉన్నది ఆ నర్సు దగ్గర. ఆమె అప్పటికే చీటీ మీద తేదీ రాసి, తన ఫోను నంబరు రాసి, తల్లి పాలను పిండి, వాటిని గిన్నెతో ఎలా పట్టాలో ఆమె పక్కనే కూర్చొని నేర్పడం మొదలుపెట్టింది. ఆరు నెలలు దాటిన పిల్లలైతే బరువు పెరగడానికి వేరుశనగ గింజలు, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపి చేసిన ముద్ద ఇస్తారు. మనం కర్నూలులో బుడ్డలు అని పిలిచే ఆ గింజే అక్కడ మందుగా మారడం చూసి నాకు ముచ్చటేసింది. మడగాస్కర్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు ఉండదు. అలాంటి చోట బిడ్డను ఆపరేషన్‌కు సిద్ధం చేయడమంటే ముందు కడుపు నింపడమే. ఆ పని వారం పది రోజులకు వచ్చి పోయే మా వంటి వాళ్ల వల్ల అయ్యేది కాదు.

థియేటర్ గురించి ఎక్కువ రాయను. అక్కడి మత్తు నిపుణులతో కలిసి పనిచేశానన్నదే అందులో ముఖ్యం. ఆఫ్రికా దేశాల్లో చాలా చోట్ల మత్తు ఇచ్చేది ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులే. సామాన్లు తక్కువగా ఉన్నప్పుడు ఏం చేయాలో వాళ్లకు తెలిసినంతగా నాకు తెలియదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పసిపిల్లలకు గొట్టం వేసే మెలకువలు, ముఖం మొద్దుబారేలా నరానికి ఇచ్చే సూది, ఇవి నేను చూపించాను. చివరి రోజుల్లో నేను పక్కన నిలబడి చూస్తుంటే వాళ్లే చేశారు. సురక్షితమైన, భరించగలిగే శస్త్రచికిత్స, మత్తు సేవలు ప్రపంచంలో 500 కోట్ల మందికి అందుబాటులో లేవని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2015లో తేల్చింది. విమానాల్లో వెళ్లి వచ్చే డాక్టర్లతో ఆ లోటు ఏనాటికీ పూడదు.

మన దగ్గర ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. కర్నూలుకు ఆలూరు, ఆదోని, పత్తికొండ వైపు నుంచే కాక గద్వాల నుంచి, బళ్లారి, రాయచూరు పక్క నుంచి కూడా పిల్లలను తీసుకొస్తారు. ఇక్కడా నెత్తురు తక్కువగా ఉందనో, దగ్గు ఉందనో కొందరిని వెనక్కి పంపుతాం. మందులిచ్చి నెల రోజులకు రమ్మంటాం, ఊర్లో ఆశా కార్యకర్త గుర్తు చేస్తుంది, చాలామంది వస్తారు. అయినా కొందరు జారిపోతారు. కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక తల్లికి నెల తర్వాత రమ్మని చెబితే ఆమె అన్నది: "మిరపకాయలు కోసేకి గుంటూరు పక్క సుగ్గికి పోతాము మేడమ్. ఉగాదికి గానీ తిరిగి రాము. అప్పుడు తోలుకొస్తే చేస్తారా?" చేస్తామమ్మా అన్నాను. ఉగాదికి ఆమె రాగలిగింది, ఎందుకంటే ఉగాదికి కూడా ఇక్కడ ఆసుపత్రి ఉంది, థియేటర్ ఉంది, మేమున్నాం. వచ్చి పోయే బృందం ఒక్కటే దిక్కయిన చోట ఆ తల్లికి చెప్పగలిగిన జవాబు ఏముంటుంది?

ఇంకొక బరువు కూడా ఈ తల్లుల మీద ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది కాబట్టే బిడ్డ ఇలా పుట్టిందని అత్తగారి ఇంట్లో ఆమెనే తప్పు పడతారు. ఈ చీలిక గర్భం దాల్చిన మొదటి మూడు నెలల్లోనే, ముఖంలోని భాగాలు కలవవలసిన చోట కలవక ఏర్పడుతుంది. వంశపారంపర్యం, ఫోలిక్ ఆసిడ్ లోపం, పొగ, కొన్ని మందులు కారణం కావచ్చు. చాలాసార్లు ఏ ఒక్క కారణాన్నీ వేలెత్తి చూపలేం. ప్రపంచమంతటా సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతుంది. గ్రహణాలు చూడని దేశాల్లోనూ, చూసి ఆనందించే దేశాల్లోనూ పుడుతూనే ఉంది. బిడ్డను తిప్పి పంపేటప్పుడు ఈ సంగతి అత్తగారిని, భర్తను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పడం నేను వైద్యంలో భాగంగానే చేస్తాను. ఆపరేషన్ ఆగిందంటే అది కూడా ఆమె తలరాతేనని ఇంట్లో అనగలరు కాబట్టి.

బయటి దేశాల డాక్టర్లు వచ్చి సాయం చేయడం మన సీమకు కొత్త కాదు. 1969లో అనంతపురం వచ్చి స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన సేవా సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వారి బత్తలపల్లి ఆసుపత్రికి స్పెయిన్ నుంచి నిపుణులు వచ్చి వెళుతుంటారు. వాళ్లు రాని రోజున కూడా ఆ ఆసుపత్రి నడుస్తుంది, నడిపేది మన వాళ్లే. బయటి నుంచి వచ్చే వాళ్లకు ఉండవలసిన చోటు అదేనని నేను అనుకుంటాను.

ఇలాంటి యాత్రకు వెళ్లాలనుకుంటున్న జూనియర్ డాక్టర్లు, నర్సులు నన్ను సలహా అడుగుతున్నారు. తప్పక వెళ్లండి. కాకపోతే ఒప్పుకునే ముందు ఆ సంస్థను కొన్ని సంగతులు అడగండి. మనం వచ్చేశాక కుట్లు విడిపోయిన బిడ్డను ఎవరు చూస్తారు? అంగిలి అతికిన పిల్లలకు మాట నేర్పే వాళ్లు ఆ దేశంలో ఉన్నారా? వెనక్కి పంపిన పిల్లల పేర్లు రాసిన పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని మళ్లీ తెరిచేది ఎవరు? మనతో పాటు థియేటర్‌లో నిలబడేది అక్కడి వాళ్లా, లేక అందరూ మనలా వచ్చిన వాళ్లేనా? వీటికి నీళ్లు నమిలే సంస్థతో వెళ్లవద్దు. ఫొటోల కోసం పిల్లల ముఖాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాడుకునే వాళ్లతో అసలే వద్దు.

మన జిల్లాల్లో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి బిడ్డ పుడితే, మూడో నెల దాకా ఆగకుండా పుట్టిన వారంలోనే పెద్దాసుపత్రిలో చూపించండి. ఆరోగ్యశ్రీగా అందరికీ తెలిసిన, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్న పథకంలో ఈ ఆపరేషన్ ఉచితం. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందానికి చెప్పినా దారి చూపిస్తారు. ఆపరేషన్ అయ్యే దాకా బిడ్డను పడుకోబెట్టి పాలు పట్టకండి. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకొని, పిండిన తల్లి పాలను శుభ్రంగా కడిగిన ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా, చెంప వైపుగా పోయండి. మధ్య మధ్య భుజాన వేసుకొని తేన్పు వచ్చే దాకా వీపు నిమరండి. ప్రతి వారం తూకం వేయించి పుస్తకంలో రాయించండి. ఆపరేషన్ తేదీ నిర్ణయించేటప్పుడు మేము మొదట అడిగేది ఆ పుస్తకమే.