ఇంటి చదువు: లెక్కలు, ఫిజిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి

నల్లగొండ, పాలమూరు దిక్కు పిల్లలను ఇంట్లోనే చదివించేవాళ్లు ముందు పరీక్ష దారి చూసుకోండి. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదికి 14 ఏళ్లు నిండాలి. ఫిజిక్స్ ముట్టుకునే ముందే భిన్నాలు, నిష్పత్తులు, సూత్రాన్ని అటూ ఇటూ తిప్పడం గట్టిపడాలి. లేకుంటే బట్టీయే మిగులుతుంది.

మొదటి ప్రయోగం లోలకమే పెట్టండి. దూలానికి దారం కట్టి, కొసకు ఇనుప నట్టు వేలాడదీయండి. పైముడి నుంచి నట్టు నడిమి దాకా సరిగ్గా 1 మీటరు ఉండాలి. 10 సెంటీమీటర్లే పక్కకు లాగి వదలాలి. పోయి వస్తే ఒక ఊపు. 20 ఊపులకు 40 సెకన్లు పడుతుంది. 38 వచ్చిందంటే, వదలగానే ‘ఒకటి’ అన్నారన్నమాట. అక్కడ ‘సున్నా’ అనాలి. ఆ ఒక్క తప్పుతో, ఈ ఊపుల సమయం నుంచి లెక్కగట్టే గురుత్వ త్వరణం (కింద పడే వస్తువు వేగం సెకను సెకనుకూ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) 9.8కి బదులు 10.9 తేలుతుంది. ఎక్కడ తప్పిందో మీరు చెప్పకండి, పిల్లలనే వెతకనివ్వండి.