ఉల్లి వేరులో పిల్లలు గీయని కణాలు

మధ్యస్థ దశ (కణవిభజనలో క్రోమోజోములు నడిమధ్య వరుసకట్టే ఘట్టం) బొమ్మ చక్కగా వస్తే ప్రాక్టికల్స్‌లో మార్కులు పడతాయి. అందుకే హన్మకొండలో నేను వృక్షశాస్త్రం చెప్పే డిగ్రీ పిల్లలు, ఎసిటోకార్మిన్ రంగు పట్టించిన ఉల్లిగడ్డ వేరు కొనను స్లైడు మీద నొక్కగానే, వరుసకట్టిన క్రోమోజోముల కోసం వెతుకుతారు. చుట్టూ ఏ కదలికా లేనట్టు ఉన్న కణాలన్నీ రికార్డులో ‘అంతర్దశ’ (రెండు విభజనల మధ్య కాలం) అనే ఒక్క మాటతో సరి. విభజన చెందాలా వద్దా అని తేలేది మాత్రం ఆ కణాల్లోనే. పాఠం అక్కడి నుంచే మొదలుకావాలని నా పట్టుదల.

మన శరీర కణాల్లో ఈ వ్యవహారానికి కేంద్రం ఈ2ఎఫ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ కారకాల కుటుంబం. ఇవి డీఎన్ఏలో తమకు తగిన చిన్న వరుసను గుర్తుపట్టి అంటుకుని, అక్కడి జన్యువుల నుంచి ఆర్ఎన్ఏ తయారయ్యేలా చేస్తాయి. డీఎన్ఏ నకలుకు ముందు వచ్చే జీ1 దశ మొదట్లో ఆర్‌బీ అనే ప్రోటీన్ వీటిని పట్టి ఉంచుతుంది. పెరగమని బయటి నుంచి సంకేతం అందితే సైక్లిన్ డి అనే ప్రోటీన్ తయారై, సీడీకే4, సీడీకే6 ఎంజైములతో కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. పట్టు సడలుతుంది. విడుదలైన ఈ2ఎఫ్ మేల్కొలిపే జన్యువుల్లో సైక్లిన్ ఇ ఒకటి. దాని ప్రోటీన్ సీడీకే2 అనే ఎంజైముతో జతకట్టి ఆర్‌బీకి ఇంకా ఫాస్ఫేట్లు చేరుస్తుంది, దాంతో మరింత ఈ2ఎఫ్ విడుదలవుతుంది.

ఈ వలయాన్ని బోర్డు మీద గీసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. దీనివల్లే హద్దు దాటిన కణం, బయటి సంకేతం ఆగిపోయినా సాధారణంగా వెనక్కి తగ్గదు. ఆ హద్దును 1974లో ఆర్థర్ పార్డీ గుర్తించి రిస్ట్రిక్షన్ పాయింట్ అన్నారు.

తర్వాతి కథ మన గొలుసుకట్టు చెరువుల తీరు: పైది అలుగు పారితేనే కిందిది నిండుతుంది. డీఎన్ఏ నకలుకు కావలసిన జన్యువులతో పాటు బీ-మిబ్ అనే మరో కారకం జన్యువునూ ఈ2ఎఫ్ పనిలోకి దించుతుంది. బీ-మిబ్ వెళ్లి మవ్‌బీ అనే ప్రోటీన్ల బృందంలో చేరి ఫాక్స్ఎం1 అనే ఇంకో కారకాన్ని రప్పిస్తుంది. నకలు ముగిశాక, విభజనకు ముందు వచ్చే జీ2లో సైక్లిన్ బి వంటి జన్యువులు పుంజుకోవడం వీటి చలవే. విశ్రాంతిలో ఉన్న కణంలో ఇదే మవ్‌బీ బృందం, ఆర్‌బీకి బంధువైన పీ130తోనూ ఈ2ఎఫ్ కుటుంబంలోని ఈ2ఎఫ్4తోనూ కలిసి అవే జన్యువులను అణచి ఉంచుతుంది. తోడు మారితే పనే తలకిందులైంది! ఇక క్రోమోజోములు బిగుసుకున్నాక ఆర్ఎన్ఏ తయారీ చాలావరకు ఆగిపోతుంది. పిల్లలు అంత ఇష్టంగా గీసే మధ్యస్థ దశలో జన్యువులు దాదాపు మౌనంగా ఉంటాయి.

ఉల్లిలోనూ ఇదే ఉంటుందా అని ములుగు వైపు నుంచి వచ్చే అమ్మాయి అడిగింది. మొక్కల్లోనూ ఆర్‌బీ, ఈ2ఎఫ్‌ల బంధువులున్నాయి. ఈస్టు సంగతి ఇంకా విచిత్రం: అక్కడ ఆర్‌బీ పనిని డబ్ల్యూహెచ్ఐ5 (Whi5) అనే ప్రోటీన్ చేస్తుంది, రెండింటి అమైనో ఆమ్లాల వరుసలకు మాత్రం పోలిక లేదు.

ఆర్‌బీకి ఆ పేరు రెటినోబ్లాస్టోమా నుంచి వచ్చింది. చిన్నపిల్లల కంటి రెటీనాలో వచ్చే క్యాన్సర్ అది. ఈ జన్యువు రెండు ప్రతులూ చెడిపోవడమే దీనికి ప్రధాన కారణం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ కూడా తన ఈ7 ప్రోటీన్‌తో ఆర్‌బీనే పట్టుకుని ఈ2ఎఫ్‌ను వదిలిస్తుంది. సీడీకే4, సీడీకే6లను అడ్డుకునే పాల్బోసిక్లిబ్ అనే మందుకు రొమ్ము క్యాన్సర్ చికిత్స కోసం 2015లో అమెరికాలో అనుమతి లభించింది. ఇంతవరకు చదివినవారికి ఒక విన్నపం: ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో పసిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే, ఆలస్యం చేయకుండా కంటి వైద్యులకు చూపించండి.