'కఠినమైన చట్టం తేవాలి' అని రాయడం మానేశాక: నా మూడో అటెంప్ట్ అనుభవం

సివిల్స్ రిజల్ట్స్ వచ్చి నాలుగు రోజులైంది. ఇప్పటికీ పొద్దున లేవగానే పీడీఎఫ్ తెరిచి నా రోల్ నంబర్ ఉందో లేదో చూసుకుంటున్నాను. స్ట్రాటజీ చెప్పమని అడిగిన అందరికీ విడివిడిగా రాయలేక ఇది రాస్తున్నాను. ప్రిలిమ్స్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు: పాత ప్రశ్నపత్రాలు చేయండి, సీశాట్‌ను (ప్రిలిమ్స్‌లోని అర్హత పేపర్) తేలిగ్గా తీసుకోకండి. ఆప్షనల్ (మెయిన్స్‌కు మనం ఎంచుకునే సబ్జెక్టు) సంగతి ఇంకోసారి. ఇప్పుడు చెప్పాలనుకున్నది రెండో అటెంప్ట్ ఇంటర్వ్యూలో నేను చెప్పిన ఒక్క జవాబు గురించి.

టెక్నాలజీ టాపిక్స్‌కి మన నోట్స్‌లో 'వే ఫార్వర్డ్', అంటే పరిష్కార మార్గం, కింద ఏముంటుందో మీకు తెలుసు. డీప్‌ఫేక్ (ఏఐతో తయారుచేసిన నకిలీ వీడియో) అయినా, క్రిప్టో అయినా, డ్రోన్ అయినా అవే నాలుగు పాయింట్లు. సమగ్ర చట్టం, స్వతంత్ర నియంత్రణ సంస్థ, లైసెన్సు, భారీ జరిమానా. నేనూ రెండేళ్లు అవే రాశాను.

ఆ ఇంటర్వ్యూ బోర్డులో ఒక మెంబర్ మామూలుగానే అడిగారు, కృత్రిమ మేధను ప్రభుత్వం నియంత్రించాలా అని. నాలుగు పాయింట్లూ తడుముకోకుండా చెప్పేశాను. ఆయన తల ఊపి, "లైసెన్సు అన్నారు కదా. హాస్టల్ గదిలో ఇద్దరు కుర్రాళ్లు ఒక మోడల్ తయారు చేశారనుకోండి, వాళ్లకూ కావాలా?" అన్నారు. కావాలి సార్ అన్నాను. "అప్లికేషన్ మీ టేబుల్ మీదకే వచ్చింది. ఏం చూసి సంతకం పెడతారు?"

నా దగ్గర జవాబు లేదు. టేబుల్ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆయన కొంచెంసేపు ఆగి, "2024 మార్చిలో ఏం జరిగిందో చదివే ఉంటారు" అన్నారు. చదివాను. పూర్తిగా పరీక్షించని ఏఐ మోడళ్లను జనానికి అందుబాటులోకి తేవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని మార్చి 1న కేంద్ర ఐటీ శాఖ సూచన ఇచ్చింది. స్టార్టప్‌ల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చాక మార్చి 15న ఆ అనుమతి షరతును తీసేసింది. తేదీలతో సహా నా నోట్స్‌లో ఉంది. కానీ ఎందుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ ఏడాది ఇంటర్వ్యూలో 275కి 140 వచ్చాయి, లిస్టులో పేరు లేదు. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందని అనను. కానీ "ఏం చూసి సంతకం పెడతారు" అన్న మాట నన్ను వదల్లేదు.

తర్వాతి నెలలో, ఆన్‌లైన్ మాటలపై సుప్రీంకోర్టు ఇచ్చిన శ్రేయా సింఘాల్ తీర్పు మొత్తం చదివాను. ఒక పేజీ సారాంశం చాలనుకుంటాం కదా, దయచేసి అలా చేయకండి, తీర్పే చదవండి. ఆన్‌లైన్‌లో 'చిరాకు', 'అసౌకర్యం' కలిగించే సందేశం పంపితే మూడేళ్ల వరకు జైలు అని ఐటీ చట్టం సెక్షన్ 66ఏ చెప్పింది. ఎవరికి చిరాకు? ఎంత చిరాకు? దానికి చట్టంలో కొలత లేదు. అందుకే 2012లో శివసేన అధినేత బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు బంద్ మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన అమ్మాయినీ పోలీసులు అరెస్టు చేయగలిగారు. జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసింది. నన్ను కదిలించింది ఆ తర్వాత జరిగినది. కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టు విస్మయం వ్యక్తం చేసింది, 2022లో మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. చేతికి ఇచ్చిన అధికారం కాగితం మీద పోయినా స్టేషన్‌లో పోదు. ఇది ఏ పాలిటీ పుస్తకంలోనూ నాకు ఇంత గట్టిగా అర్థం కాలేదు.

అప్పటి నుంచి ఏ టాపిక్ చదివినా ముందు అడిగేది ఒకటే: ఈ రూల్‌లోని మాటలకు అర్థం ఎవరు చెప్తారు, వాళ్లు పొరపాటు చేస్తే బాధితుడు ఎక్కడికి వెళ్లాలి? ఐటీ రూల్స్‌కు 2023లో చేసిన సవరణ చూడండి. కేంద్రం పనుల గురించి వచ్చిన సమాచారం అబద్ధమో కాదో కేంద్రం పెట్టిన ఫ్యాక్ట్ చెక్ యూనిటే తేలుస్తుందన్నారు. 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2018లో క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు ఆపమన్న ఆర్‌బీఐ సర్క్యులర్ 2020 మార్చిలో సుప్రీంకోర్టులో నిలబడలేదు, ఈలోపు కొన్ని ఎక్స్ఛేంజీలు మూతపడ్డాయి. డ్రోన్లదీ ఇదే కథ. 2021 మార్చి నిబంధనల ప్రకారం అనుమతులకు నింపాల్సిన ఫారాలు 25 ఉండేవి, అదే ఏడాది ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి 5 చేశారు. ప్రభుత్వమే తన రూల్‌ను ఐదు నెలల్లో తిరగరాసిందంటే, మొదటి రూల్ రాసినప్పుడు ఎవరినీ సరిగ్గా అడగలేదనే నేను అనుకుంటాను.

అన్ని నియంత్రణలూ తప్పని నేను ఎక్కడా రాయలేదు, మీరూ రాయకండి. ఏ వెబ్‌సైట్ చూస్తున్నామో దాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నిబంధనను నేను సమర్థిస్తూనే రాశాను. అందులో ఏం చేయకూడదో చదివిన ఎవరికైనా తెలుస్తుంది, అధికారి ఇష్టాయిష్టాలకు చోటు తక్కువ.

ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తూ ప్రభుత్వాన్ని అనుమానిస్తావేంటని ఒక మిత్రుడు అడిగాడు. నా అభిప్రాయం సరిగ్గా దానికి వ్యతిరేకం. వెళ్తున్నాను కాబట్టే అనుమానించాలి. 2021 సెప్టెంబరులో రాజస్థాన్‌లో టీచర్ల అర్హత పరీక్ష జరిగిన రోజు కాపీయింగ్ ఆపడానికని చాలా జిల్లాల్లో మొబైల్ ఇంటర్నెట్ నిలిపేశారు. మనలాంటి అభ్యర్థుల పరీక్ష కోసం, పరీక్షతో సంబంధం లేని లక్షల మంది ఫోన్లు మూగబోయాయి. అంతకుముందు ఏడాదే, 2020 జనవరిలో, ఇంటర్నెట్ నిలిపివేతపై వేసిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఆంక్షలు అవసరానికి తగ్గ మోతాదులో ఉండాలని, ఉత్తర్వులు బయటపెట్టాలని చెప్పింది. రేపు మనలో ఎవరో ఒకరు అలాంటి ఫైలు పైకి పంపుతారు. ఆ రోజు కోసం ఇప్పుడే చదువుకోవాలి.

ఇక క్రమశిక్షణ. దీని మీద నన్ను కఠినంగా మాట్లాడనివ్వండి. రోజుకు రెండు ఆన్సర్లు రాయని వాళ్లు టెన్షన్ గురించి మాట్లాడకూడదు. నేను జ్వరం ఉన్న రోజు కూడా రాశాను. ప్రతి ఆన్సర్‌లో 'చట్టం తేవాలి' అన్న చోట పెన్సిల్‌తో గుండ్రం చుట్టి, పక్కన ఇప్పటికే ఉన్న సెక్షన్ ఏదో రాసుకునేవాణ్ణి. మొదటి వారంలో పేజీ నిండా గుండ్రాలే.

ఈసారి ఇంటర్వ్యూలో డీప్‌ఫేక్‌ల గురించి అడిగారు. కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి చేసే మోసానికి ఐటీ చట్టంలో సెక్షన్ 66డి ఉంది, అశ్లీల చిత్రాలకు సెక్షన్ 67 ఉంది, ముందు వాటి కింద దర్యాప్తు ఎందుకు సాగడం లేదో చూడాలి, సైబర్ విభాగాలకు మనుషుల్ని ఇవ్వాలి అన్నాను. "అంటే కొత్త చట్టం అసలు వద్దంటారా?" అన్నారు బోర్డులోని మేడమ్. "ఉన్నవి సరిగ్గా వాడాక కూడా ఏ నష్టం మిగిలిపోతుందో దానికి మాత్రమే మేడమ్, ఆ నష్టం పేరు చట్టంలో రాసి" అన్నాను. ఆమె కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాతి ప్రశ్న నా ఆప్షనల్ మీదకు వెళ్లింది.