టింబర్‌లైన్ లాడ్జిలో మా మొదటి స్కీయింగ్

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కి వచ్చి నాలుగేళ్లయింది. మబ్బు లేని రోజున తూర్పుకి తిరిగితే చాలు, మౌంట్ హుడ్ అనే మంచుకొండ తెల్లగా కనపడుతుంది. "నాన్నా, అక్కడికి ఎప్పుడెళ్దాం?" అని మావాడు అడిగినప్పుడల్లా వచ్చే ఏడు అంటూ దాటేసేవాణ్ణి. ఈ ఫిబ్రవరిలో ఒక బుధవారం ఇద్దరం ఆ కొండ మీది టింబర్‌లైన్ లాడ్జికి స్కీయింగ్ నేర్చుకోవడానికి బయల్దేరాం.

ఆరెగాన్‌లో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు స్నో పార్కుల్లో, అంటే మంచు ప్రాంతాల్లోని పార్కింగ్ స్థలాల్లో, కారు ఆపాలంటే పర్మిట్ కావాలి. ముందు రోజే కొనేశాను. మంచులో టైర్లు జారకుండా వేసే చెయిన్లు కూడా ఇంటి దగ్గరే ఒకసారి టైర్లకి వేసి, తీసి చూసుకున్నాను. ఆ పని చేసినందుకు ఎంత మేలు జరిగిందో! 26వ నంబరు హైవే మీద గవర్నమెంట్ క్యాంప్ అనే చిన్న ఊరు దాటాక కొండ మీదికి ఆరు మైళ్ల ఘాట్ రోడ్డు. అక్కడ మంచు మొదలైంది. వేళ్లు కొంకర్లు పోతున్నా పావుగంటలో చెయిన్లు బిగించగలిగాను.

బూట్ల దగ్గరే చిక్కొచ్చింది. చలికని రెండేసి జతల మందపాటి సాక్సులు వేసుకెళ్లాం. అద్దె బూటు తొడిగి బకిల్స్ బిగిస్తే పాదం తిమ్మిరెక్కిపోయింది. పెద్ద సైజు అడిగితే కౌంటర్‌లో అమ్మాయి వద్దంది. సాక్సులన్నీ విప్పించి, ఒక్క పల్చటి జత వేయించింది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, అదే సరైన కొలతని చూపించింది. వదులు బూటుతో స్కీ మన మాట వినదట. వాలు మీదికి వెళ్లాక ఆ మాట ఎంత నిజమో తెలిసింది.

క్లాసులో మొదట నేర్పింది ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా. అలా పెడితే పిజ్జా ముక్క ఆకారం వస్తుంది కాబట్టి పిల్లలకైతే "పిజ్జా" అని చెప్తారు. మావాడు పది నిమిషాల్లో పట్టేశాడు. నేను పడ్డ ప్రతిసారీ స్కీలు వాలుకి అడ్డంగా పెట్టుకుని లేవాల్సి వచ్చింది. అలా పెట్టకపోతే లేస్తూనే జారిపోతాం. మధ్యాహ్నానికి బ్రూనోస్ అనే చిన్న లిఫ్ట్ (వాలు పైకి తీసుకెళ్లే వేలాడే కుర్చీ) ఎక్కి, పడకుండా కిందికి వచ్చాను. గుండె దడదడలాడుతూనే ఉంది, ఆనందం మాత్రం పట్టలేకపోయాను.

బూట్లు అప్పజెప్పి పాత లాడ్జిలోకి వెళ్లాం. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మహా మాంద్యంలో పనుల్లేని వాళ్లకి ఉపాధి కోసం ప్రభుత్వం డబ్ల్యూపీఏ అనే ఉపాధి పథకం కింద 1936లో మొదలుపెట్టి కట్టించింది. 1937 సెప్టెంబర్ 28న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వచ్చి అంకితం చేశాడు. పొయ్యిలో కట్టెలు ఆనించే ఇనుప దిమ్మెలు పాత రైలు పట్టాలతో చేసినవి. ఆడవాళ్లు పాత దుప్పట్లు చీల్చి రగ్గులు అల్లారు. మెట్ల పక్క స్తంభాలు పారేసిన కరెంటు స్తంభాలే, ఒక్కోదాని తలమీద ఒక్కో జంతువునో పక్షినో చెక్కారు. ఎందరి చేతులు తగిలాయో, చెక్క నున్నగా మెరుస్తోంది.

మావాడు ఒక స్తంభం దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎవరు చేశారు నాన్నా?"

"పని దొరకని వాళ్లు చేశార్రా."

గ్లవ్ తీసి, చెక్కిన తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు నిమిరాడు. బయట చీకటి పడుతోంది, చెయిన్లతో కిందికి దిగాలి. అయినా వాణ్ణి తొందర పెట్టబుద్ధి కాలేదు.