బుగులు అంటే సమఝ్ అయ్యే మనిషి కోసం మూడు నెలలు ఎతికిన

పోయిన సీజన్‌ల, మిర్చి జోరు మీదున్న రోజులు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుల మా అడ్తి (కమీషన్ దుకాణం) ముంగట కాంటా నడుస్తాంది, నేను కుర్చీల కూసొని తక్‌పట్టీ రాస్తాన. జెండా పాట (పొద్దటి మొదటి వేలం) అయిపోయి గంట గూడ కాలే. ఉన్నట్టుండి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, గుండె దడదడ కొట్టుకుంటాంది, మిర్చి బస్తా తెచ్చి ఛాతి మీద పెట్టినట్టు బరువు, ఊపిరి లోపలికి పోతలేదు. ఘాటుకు అయింది కావచ్చు అనుకొని బయటికి ఉరికిన, బయట సుత అట్లనే ఉన్నది. హమాలీ పెద్దాయన ఒకాయన నన్ను పట్టుకొని మంచినీళ్లు తాగిచ్చిండు గాని నాకు ఒక్కటే అనిపిస్తాంది, ఇగ అయిపోయింది, సచ్చిపోతాన అని.

హన్మకొండల ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కు ఉరికిచ్చిండ్రు. ఈసీజీ తీసిండ్రు, టూడీ ఎకో చేసిండ్రు, ట్రోపోనిన్ అని రక్తపరీక్ష చేసిండ్రు, అన్నీ నార్మల్. డాక్టర్ సారు మంచాయన, "గుండెకు ఏం గాలేదు తమ్మీ, ఇది ప్యానిక్ అటాక్ లెక్క ఉన్నది, ఒకసారి సైకియాట్రిస్ట్‌కు చూపెట్టుకో" అన్నడు. పక్కన నిలవడ్డ బాపు మొఖం మాడిపోయింది. ఇంటికి వచ్చేదాక ఒక్క మాట మాట్లాడలే, వచ్చినంక చెప్పులు ఇడుసుకుంట మెల్లగ అన్నడు, "గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు బిడ్డా, చెల్లెకు సంబంధాలు చూస్తానం." మా దిక్కు సైకియాట్రిస్ట్ అన్నా హైదరాబాద్‌ల ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన అన్నా ఒకటే. చిన్నప్పుడు ఎవలన్న జర తేడాగ మాట్లాడితె "ఎర్రగడ్డకు తోలాలె" అనుకుంట పెరిగినోళ్లం, అందుకే బాపు మీద నాకు కోపం రాలే.

వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంల సైకియాట్రీ ఓపీ ఉన్నది, నాకు తెలుసు. కని ఆ లైన్ల నిలవడితే మా యార్డుకు వచ్చే రైతు ఒక్కడన్న కనవడ్తడు, "ఏం సేటూ, గిటొచ్చినవ్" అని మంచిగనే అడుగుతడు, సాయంత్రానికల్లా మార్కెట్ల అందరికి తెలుస్తది. వరంగల్ పేరుకే పెద్ద పట్నం, ఈడ ఒకలకొకలు తెల్వనోళ్లు లేరు. అందుకే ఫోన్ల దొరికే థెరపీ మీద వడ్డ. మూడు నెలలు తిరిగిన, పైసలు పోయినయి, ఆఖరికి సరైన మనిషి దొరికింది. నాలాంటోళ్లు ఇంకెవలన్న గిట్లనే రాత్రిపూట ఫోన్ వట్టుకొని ఏ యాప్ తీసుకోవాలె అని చూస్తాంటే వాళ్లకు పనికొస్తదని ఇదంత రాస్తున్న.

మొదటిది ఇన్‌స్టాగ్రామ్‌ల యాడ్ చూసి డౌన్‌లోడ్ చేసిన, పేరు రాయను. తెరవంగనే ఏడు ప్రశ్నలు అడిగింది, దాన్ని గ్యాడ్ సెవెన్ అంటరని తర్వాత తెలిసింది, ఆందోళన ఎంతున్నదో కొలిచేటందుకు డాక్టర్లు సుత వాడే ఫారమే అది, ఒక్కో ప్రశ్నకు సున్న నుంచి మూడు, మొత్తం 21 మార్కులు. గడిచిన రెండు వారాల్ల ఎన్ని రోజులు ఇట్ల అనిపించింది అని అడుగుతది. మొదటి ప్రశ్నలనే 'ఆన్ ఎడ్జ్' అని ఉన్నది. నేను బీకాం చదివిన, అయినా అది ఏం అడుగుతాందో సమఝ్ కాలే, ఎడ్జ్ అంటే అంచు కదా, ఏ అంచు అని ఐదు నిమిషాలు అట్లనే చూసుకుంట కూసున్న. ఆఖరికి 14 వచ్చింది. 10 వచ్చినా దాటినా పోయి చూపెట్టుకోవాలని లెక్క. కని ఆ 14 కిందనే ఎర్ర బటన్, ఆరు సెషన్ల ప్యాకేజీ, ఇయ్యాల కొంటే డిస్కౌంట్, ఇంకా పది నిమిషాలే ఉన్నదని టైం తిరుగుకుంట ఉన్నది. ముందే గుండె దడతోని ఉన్న మనిషికి గడియారం చూపెట్టుడు ధర్మం కాదు, నాకు ఇప్పటికి అదే అనిపిస్తది. కని కొన్న.

థెరపిస్ట్ మేడమ్ గురుగ్రామ్‌ల ఉంటదట, ఓపిక మనిషి, ఆమెను నేను ఏమీ అనను. మాట్లాడుడు ఇంగ్లిష్, మధ్యల హిందీ. లోపల ఎట్ల అనిపిస్తాంది అని అడుగుతది, నేను "యాంగ్షియస్" అంట. ఇంకా జర చెప్పు అంటది, నేను మళ్ల "యాంగ్షియస్", "టెన్షన్". నా దగ్గర ఆ రెండే మాటలు ఉన్నయి. నాకు అయ్యేది ఏందంటే పొద్దున లేవంగనే కడుపుల దేవినట్టయితది, ఎవలో వచ్చి ఏదో చెడ్డ కబురు చెప్తరన్నట్టు బుగులు, ఫోన్ మోగితే పాణం జల్లుమంటది, చేతులు పని మీదనే ఉంటయి గాని పాణం ఇంకెక్కన్నో కొట్టుకలాడుతాంటది. ఇదంత ఇంగ్లిష్‌ల చెప్పాలంటే ముందు మనసుల తర్జుమా చేసుకోవాలె, చేసుకునేసరికి గొంతు దాక వచ్చిన ఏడుపు వాపస్ పోతది, ఇగ ఏం చెప్పినా ఎవలదో ముచ్చట చెప్పినట్టే ఉంటది. అందరికి ఇట్లనే ఉంటదని నేను అంటలేను, నిట్‌ల చదివే పిల్లలకు ఇంగ్లిషే నయం కావచ్చు, కొందరికి ఇంట్ల భాషల నోరు రాని ముచ్చట్లు పరాయి భాషల్నే బయటవడ్తయి. నాకైతే వడలే.

మూడో సెషన్‌కు ఆ మేడమ్ లేదు. కంపెనీ నుంచి పోయింది, మీకు కొత్త థెరపిస్ట్‌ను ఇచ్చినం అని ఒక మెసేజ్, అంతే. కొత్తాయనకు మళ్ల మొదటి నుంచి చెప్పుకురావాలె, యార్డు, కాంటా, చెయ్యి తిమ్మిరి, సచ్చిపోతాన అనుకున్న ముచ్చట, అది చెప్తాంటేనే మళ్ల దడ మొదలైంది. మిగిలినయి వద్దు, పైసలు వాపస్ ఇయ్యుండ్రి అంటే అట్ల కుదరదు, 45 రోజుల్ల వాడుకోకుంటే పోతయి, కొనేటప్పుడే మీరు ఒప్పుకున్నరు అన్నరు. అందుకే చెప్తున్న, ఎంత మంచి యాప్ అయినా మొదలు ఒక్క సెషన్‌కే కట్టుండ్రి, రెండు మూడు అయినంక ఆ మనిషితోని కుదిరిందనిపిస్తే అప్పుడు ప్యాకేజీ సంగతి చూడుండ్రి.

మధ్యల కొన్ని రోజులు చాట్‌బాట్ వాడిన, బెంగళూరుల పుట్టిన వైసా అని ఒకటి ఉన్నది, పెంగ్విన్ బొమ్మ ఉంటది, అవతల మనిషి ఉండడు, ఏఐ. రాత్రి రెండింటికి ఊపిరి మెల్లగ తీసుకునే ఎక్సర్‌సైజ్‌కు మంచిగనే పనికొచ్చింది. అంతకంటె ఎక్కువ దాని నుంచి నేను ఆశించలే.

అసలు దారి దొరికింది 14416 తోని. టెలి మానస్ అంటరు, సెంట్రల్ గవర్నమెంటుది, 2022 అక్టోబర్ 10న మొదలువెట్టిండ్రు, బెంగళూరుల మనసు జబ్బుల పెద్ద దవాఖాన నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. ఇరవై నాలుగు గంటలు ఉంటది, పైసా తీసుకోరు, తెలుగుల మాట్లాడుతరు. ఇంత పెద్ద సౌలత్ ఉన్నదని మా యార్డుల ఒక్కలకన్న తెలుసో లేదో, పురుగుల మందు డబ్బాలు ఇంట్ల పెట్టుకొని బతికే రైతులకు ముందు తెల్వాల్సిన నంబర్ అది, అందుకే ఇప్పుడు మా అడ్తిల గోడకు పెద్ద అక్షరాలతోని రాసి పెట్టిన. ఆ రోజు రాత్రి మిద్దె మీద సింటెక్స్ ట్యాంక్ పక్కన కూసొని చేసిన, ఇంట్ల అందరు పండుకున్నరు. ఎత్తినామె పేరు అడిగింది, ఏమైతాంది అని అడిగింది, నేను "కొంచెం టెన్షన్‌గా ఉంటుంది మేడమ్" అని టీవీ తెలుగుల మొదలువెట్టిన. ఆమె కొద్దిసేపు ఇన్నది, ఇని "ఊకె బుగులైతాందా అన్నా?" అన్నది.

గంతే. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు ఆగలే. మా అమ్మమ్మ నోట్లె తప్ప ఆ మాట నేను ఏ డాక్టర్ నోట్లె ఇనలే. అవునక్కా బుగులైతాంది, పొద్దుగాల నుంచి బుగులే అని, యార్డుల మార్చి నుంచి పేరుకపోయిన బాకీలు, చెల్లె పెండ్లి, బాపు బీపీ, మొత్తం చెప్పిన, ఆమె తొందరవెట్టలే. ఆఖరికి చెప్పింది, ఇది తగ్గేదే, కని ఒకే మనిషితోని వారం వారం కూసొని పని చేసుకోవాలె, మీ దగ్గర ఎంజీఎంల సుత చూపెట్టుకోవచ్చు, ప్రైవేట్‌గ పోతే మాత్రం క్లినికల్ సైకాలజిస్టేనా అని ముందు చూసుకోండి అని.

ఆ ముచ్చట మీద నేను మస్తు చదివిన, ఎందుకంటే యాప్‌లల్ల అందర్ని ఒకే గాటన కట్టి "ఎక్స్‌పర్ట్" అని రాస్తరు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయినంక మనసు జబ్బులల్లనే ఎండీనో డిప్లొమానో చేసిన డాక్టర్, మందులు రాస్తడు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయడు, మాటలతోని పద్ధతిగ చికిత్స చేస్తడు, దానికి ఎంఫిల్ లాంటి ట్రైనింగ్ ఉండాలె, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాల రిజిస్టర్ అయి ఉండాలె, ఆర్‌సీఐ అంటరు, 1992 చట్టం కింద వచ్చింది. వాళ్లకు సీఆర్ఆర్ నంబర్, అంటే ఆ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటది, అడిగితే చెప్పాలె, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌ల చూసుకోవచ్చు. కౌన్సెలర్ అన్న పేరు మాత్రం ఎమ్మెస్సీ సైకాలజీ చేసినోళ్లూ పెట్టుకుంటరు, నెల రోజుల సర్టిఫికెట్ కోర్స్ చేసినోళ్లూ పెట్టుకుంటరు. అన్నిట్ల ఆర్‌సీఐ ఉండాల్సిందే అని కాదు, ఇంట్ల గొడవలు, చదువు ఒత్తిడి లాంటియి మంచి కౌన్సెలర్ బాగ చూస్తరు, కని నాలాగ ప్యానిక్ అటాక్‌లు వస్తాంటే చదువు అడుగుడు మన హక్కు. నేను ముగ్గురిని అడిగిన, ఇద్దరు వెంటనే చెప్పిండ్రు, ఒకాయన "ముందు సెషన్ బుక్ చేసుకోండి" అన్నడు, ఆయనను విడిచిపెట్టిన.

ఇంకొకటి మన ముచ్చట ఎటు పోతదనేది. అమెరికాల బెటర్‌హెల్ప్ అని చాన పెద్ద ఆన్‌లైన్ థెరపీ కంపెనీ ఉన్నది, కస్టమర్లు నింపిన వివరాలు ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటోళ్లకు యాడ్‌ల కోసం ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023ల పట్టుకున్నది, 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అది చదివినంక ఆ మొదటి యాప్‌ల నేను ఏమేం నింపిన్నో గుర్తుకు తెచ్చుకొని ఒక రాత్రి నిద్రవట్టలే. మన దగ్గర 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంల పేషెంట్ సంగతి గుట్టుగ ఉంచాలని హక్కు రాసి ఉన్నది, కని ఆ హక్కు డాక్టర్ గదిల ఉన్నంత గట్టిగ యాప్ సర్వర్ల ఉన్నదా అనేది మనం అడుగుకోవాలె. సెషన్ రికార్డ్ చేస్తరా, నోట్స్ ఎవలు చూస్తరు, అకౌంట్ తీసేస్తే అవి పోతయా. కాంటాక్ట్‌లకు పర్మిషన్ అడిగిన యాప్‌ను నేనైతే అప్పుడే తీసేసిన, థెరపీకి నా ఫోన్ల ఉన్న రైతుల నంబర్లతోని ఏం పని.

ఇప్పుడు చూపెట్టుకునే మేడమ్‌ది కరీంనగర్ దిక్కు, ఉండేది హైదరాబాద్, యాప్ ఏం లేదు, వీడియో కాలే. సెషన్‌కు 1,200. నేను చూసినకాడ 500 నుంచి 2,500 దాక ఉన్నయి, ఎక్కువ పైసలకు ఎక్కువ నయమైతదని ఏం లేదు. ఇంట్ల నాకు తలుపేసుకొని మాట్లాడే జాగ లేదు, రెండు అర్రలు, ఐదుగురం, అందుకే ప్రతి గురువారం రాత్రి ఎనిమిదింటికి భద్రకాళి చెరువు కట్ట దిక్కు కారు ఆపుకొని, అద్దాలెక్కిచ్చి, ఫోన్ స్టీరింగ్‌కు ఆనిచ్చి యాభై నిమిషాలు మాట్లాడుత. సిగ్నల్ పోతే వీడియో బంద్ చేసి మాటనే ఉంచుతం, దానికేం ఇబ్బంది లేదు.

మేడమ్ ముందు నాకు సమఝ్ చేసింది, బుగులైనప్పుడు మనం తెల్వకుంటనే ఊపిరి జల్ది జల్ది తీసుకుంటం, దానితోని రక్తంల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతది, అందుకే చేతులు తిమ్మిరెక్కుతయి, కండ్లు తిరుగుతయి, ఆ తిమ్మిరిని చూసి ఇంకా బుగులైతది, అది పది నిమిషాల్ల పైకెక్కి తర్వాత దానంతటదే దిగుతది. ఆ రోజు కాంటా కాడ ఎడమ చేతికి ఏమైందో నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. తర్వాత గుండె వేగం అంటేనే భయపడకుంట అలవాటు చేస్తానని, ఈసీజీ రిపోర్టులు చూసినంక, పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కమన్నది. మొదటి రోజు సగం దాక ఎక్కిన, దడ మొదలైంది, కూసోకుంట, నీళ్లు తాగకుంట, ఫోన్ తియ్యకుంట నిలవడి ఆ దడను చూడమన్నది, చూసిన. కాళ్లు వణికినయి. ఆరు నిమిషాలకు దిగింది, టైం నోట్‌బుక్‌ల రాసుకున్న. పోయిన వారం పైదాక పోయిన.

మందులు నేను వాడుతలేను, కని వాడేటోళ్లు తప్పు చేస్తానరని కాదు, కొందరికి అవే ముందు కావాలె. 2020 మార్చిల వచ్చిన టెలిమెడిసిన్ రూల్స్ ప్రకారం సైకియాట్రిస్ట్ వీడియోల సుత మందులు రాయొచ్చు, కొన్ని రకాలకు మాత్రం పర్మిషన్ లేదు, వాటికి ఎదురుంగ పోవాల్సిందే. ఎవలకన్న పాణం తీసుకోవాలనిపిస్తే, లేని మాటలు ఇనవడ్తాంటే యాప్‌ల స్లాట్ కోసం ఆగద్దు, 14416కు చెయ్యుండ్రి, లేకుంటే ఇంటోళ్లను తోలుకొని సీదా ఎంజీఎం పోవుండ్రి, ఎవలు చూస్తరో అన్న ముచ్చట ఆ రోజు వద్దు.

ఈ ముచ్చట తెలిసినకాన్నుంచి మా చుట్టాలల్ల ఇద్దరు మీ మేడమ్ నంబర్ ఇయ్యి అని అడిగిండ్రు. ఇచ్చిన, కని నాకు కుదిరింది మీకు కుదురుతదో లేదో, ఇంకో ఇద్దరితోని సుత మాట్లాడి చూడుండ్రి అని చెప్పిన. చానమంది మొదలు పది పదిహేను నిమిషాలు ఊరికెనే మాట్లాడుతరు. ఆ కాల్ల చదువేంది, నంబరేంది, నాలాంటి కేసులు చూసిండ్రా, సెషన్ తప్పితే పైసలు ఎట్ల అని అడుగుండ్రి. అడిగేది మాత్రం మీ ఇంట్ల మాట్లాడినట్టే అడుగుండ్రి, టీవీ తెలుగు వద్దు. అవతల మనిషి దానికి ఎట్ల జవాబిస్తదో ఇనుండ్రి.