గోడ వెనక నుంచి వచ్చిన నీరు

2008 సెప్టెంబరు 13 తెల్లవారుజామున ఐక్ హరికేన్ తీరం దాటిన గాల్వెస్టన్‌ను, అమెరికాలోని టెక్సాస్ తీరపు ద్వీప నగరాన్ని, నేను మరుసటి వసంతంలో చూశాను. హ్యూస్టన్ వైపు నుంచి వంతెన దాటి ద్వీపంలోకి వెళ్లగానే కంటబడ్డవి కూలిన ఇళ్లు కావు, బ్రాడ్‌వే అనే ప్రధాన వీధి పొడవునా చిగురు తొడగని ఓక్ చెట్లు. ఉప్పునీరు వేళ్లకు పట్టి అవి నిలువునా ఎండిపోయాయి. వాటిలో చాలావరకు 1900 నాటి తుపాను తరువాత నాటినవి.

ఆ తుపానులో 6,000 మందికి తక్కువ కాకుండా చనిపోయారు. అమెరికాలో మరే ప్రకృతి విపత్తూ అంతమందిని బలిగొనలేదు. దాని తరువాతే సముద్రానికి ఎదురుగా 17 అడుగుల గోడ కట్టి, 2,000కు పైగా కట్టడాలను జాకీలతో లేపి, కింద ఇసుక నింపి ఊరినే ఎత్తు చేశారు. అయితే గోడ దగ్గర ఎత్తుగా ఉన్న నేల, నీరు పారేందుకు వీలుగా, వెనకనున్న అఖాతం వైపు వాలుగా దిగుతుంది. ఐక్ ఉప్పెన ఆ పల్లం నుంచే ఊళ్లోకి జొరబడింది. గోడను తప్పుపట్టలేం, అది ఒక వైపుకే కాపలా.

అందుకే అఖాతం దరినున్న స్ట్రాండ్ వీధిలోనే ఎక్కువసేపు తిరిగాను. పందొమ్మిదో శతాబ్దపు ఇటుక భవనాలు, పోత ఇనుప స్తంభాల ముఖభాగాలు బయటికి చెక్కుచెదరనట్టే ఉన్నాయి. ఒక దుకాణం లోపల మాత్రం గోడల పూతను నా తలకన్నా పై వరకు గీకేశారు. బయటపడ్డ ఇటుకల మీద ఉప్పు తెల్లగా పొంగి, వేలు తగిలితే పొడిపొడిగా రాలుతోంది. ఊడదీసిన తలుపును బల్లగా పరిచి యజమానురాలు సరుకు అమ్ముతున్నారు. కరెంటు బోర్డు నిచ్చెన లేనిదే అందనంత ఎత్తున ఉందేమని అడిగితే, "మళ్లీ వస్తే అదైనా మిగలాలి కదండీ" అన్నారు.

సముద్రం వైపు, ఒకప్పుడు జూదానికి పేరుమోసిన బాలినీస్ రూమ్ నైట్‌క్లబ్ ఆనవాలుగా ఏమీ మిగలకపోయినా, గోడ మీద జనం షికారు మానలేదు. టికెట్టు లేని ఫెర్రీలో బొలివార్ ద్వీపకల్పానికి దాటాను. అక్కడి గిల్‌క్రిస్ట్ అనే ఊళ్లో దాదాపు ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి. ఖాళీ స్థలాల్లో స్తంభాలు దించుతున్న పనివాళ్లు మాత్రం, ఈసారి ఇల్లు పాతదానికన్నా ఎంత ఎత్తున ఉండాలన్న లెక్కల్లో మునిగి ఉన్నారు.